నివురు కింద నిప్పు

కడుపునొప్పికి మన ఇళ్ళల్లో పెద్ద గౌరవం లేదు. జ్వరమైతే నుదుటిమీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. దెబ్బ తగిలితే కళ్ళకు కనిపిస్తుంది. కడుపునొప్పి మాత్రం అనుభవించేవాడికి తప్ప రెండోవాళ్ళకు కనిపించదు. అందులోనూ సోమవారంనాడు పొద్దున్న ఎనిమిదిన్నరకు వచ్చే కడుపునొప్పిని ఏ తల్లీ నమ్మదు. "కాస్త వాము నమిలి మంచినీళ్ళు తాగు, అదే తగ్గుతుంది" అంటూ పుస్తకాల సంచీ భుజాన తగిలించి పంపించేస్తుంది. నూటికి తొంభైతొమ్మిది మాట్లు ఆవిడ మాటే నిజం. వీధి మలుపు తిరిగేసరికి ఆ నొప్పి ఎటుపోతుందో పోతుంది.

మిగిలిన ఆ ఒక్కమాటు సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

కొంతమంది పిల్లలకు వచ్చే నొప్పి ఒకటుంది. చెప్పాపెట్టకుండా వస్తుంది. గంటల్లో జ్వరం నూట రెండు, నూట మూడుకు పోతుంది. పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది. దుప్పటి అంచు తగిలినా కేకపెడతారు. కొందరికి ఊపిరి పీలిస్తే పక్కలో పొడుస్తుంది. కొందరికి మోకాలో చీలమండో వాచి అడుగు తీసి అడుగు వెయ్యలేరు. ఒకరోజు, రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు. తరవాత ఎవరో చేత్తో తీసేసినట్టు తగ్గిపోతుంది. నాలుగోనాడు ఆ పిల్లవాడు వీధిలో బంతాట ఆడుతుంటాడు. అది చూసి పక్కింటావిడ, "మొన్న అంత గోలపెట్టింది వీడేనా?" అని బుగ్గ నొక్కుకుంటుంది. మళ్ళీ రెండు వారాలకో రెండు నెలలకో కథ మొదటికి వస్తుంది.

ఈ జబ్బుకు డాక్టర్లు పెట్టిన పేరు ఫెమీలియల్ మెడిటరేనియన్ ఫీవర్. అంటే మధ్యధరా ప్రాంతపు వంశజ్వరం అనుకోండి. టర్కీవాళ్ళలో, ఆర్మీనియన్లలో, అరబ్బుల్లో, యూదుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి చిన్నతనంలోనే మొదలవుతుంది. మన దేశంలో బహు అరుదు. మరి ఎక్కడో సముద్రాల అవతలి జబ్బు మనకెందుకంటారేమో. నేనూ అదే అన్నాను. నవలలు రాసుకునేదాన్ని, బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని, నాకు తెల్లకణాలతోనూ ఎర్రకణాలతోనూ పనేమిటి చెప్పండి?

మా అక్కయ్య కూతురు లాస్ ఏంజిలస్‌లో పిల్లల డాక్టరు. ఆ ఊళ్ళో ఆర్మీనియన్ కుటుంబాలు చాలా ఎక్కువ. అంచేత ఈ జబ్బు పిల్లలు దాని దగ్గరికి వస్తూంటారు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు నాతోపాటు వంటింట్లో కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పుకొచ్చింది.

"ఆ తల్లులు అచ్చం మనవాళ్ళే, పిన్నీ. జబ్బు పేరు చెప్పగానే బావురుమంటారు."

"అనరూ మరి! పిల్లకి జన్మంతా వుండే జబ్బని చెబితే ఏ తల్లి ఏడవదు?"

"అందుకే అనుకున్నాను నేనూ మొదట్లో. ఒకావిడ చెప్పింది. 'మా అమ్మాయి అబద్ధాలాడుతోందని మూడేళ్ళు కోప్పడ్డాం డాక్టర్. నిజంగా నొప్పేనన్నమాట!' అని ఆ పిల్లను పట్టుకుని ఏడ్చింది."

చిక్కుడుకాయ చేతిలో అలాగే వుండిపోయింది నాకు. నొప్పి ఒక బాధ. నమ్మేవాళ్ళు లేకపోవడం దానిమీద ఇంకో బాధ. రెండోది పిల్లలకు ఎంత పెద్దదో మన చిన్నతనాలు గుర్తు చేసుకుంటే చాలు.

పెద్ద పెద్ద డాక్టర్లకే ఈ జబ్బు అంతుపట్టడానికి చాలాకాలం పట్టిందట. పొట్ట బిగుసుకుపోయి, జ్వరంతో వచ్చిన పిల్లను చూస్తే ఎవరికైనా మొదట తోచేది అపెండిసైటిస్. కోసి చూస్తే అపెండిక్సు నిక్షేపంలా వుండేది. మూడోనాడు ఎలాగూ తగ్గిపోయేదే కాబట్టి, ఆపరేషన్ వల్లనే తగ్గిందనుకునేవారు. మళ్ళీ వచ్చేసరికి అందరూ తెల్లబోయేవారు. న్యూయార్కులో షెపర్డ్ సీగల్ అనే డాక్టరు 1945లో ఇలాంటి రోగుల గురించి ఒక వ్యాసం రాశాడు. 1958లో ఇజ్రాయెల్ డాక్టర్లు, హెల్లర్, సోహార్ మొదలైనవాళ్ళు, ఇది వంశాల్లో నడిచే ప్రత్యేకమైన జబ్బని తేల్చి ఇప్పటి పేరు పెట్టారు.

అసలు పిల్లల ఒంట్లో జరిగేదేమిటీ అని అడిగాను. మా అమ్మాయి నాకు అర్థమయ్యే భాషలోకి దిగింది.

"మీ కాలనీలో రాత్రిళ్ళు గూర్ఖా తిరుగుతాడు కదా, పిన్నీ. అలాగే మన రక్తంలో తెల్లకణాలు తిరుగుతూంటాయి. వాటిల్లో న్యూట్రోఫిల్స్ అనేవి ముందువరస జవాన్లు. ఎక్కడ సూక్ష్మజీవి చొరబడినా అందరికంటే ముందు అక్కడికి పరుగెత్తేవి అవే. రక్తనాళం గోడకు అతుక్కుని, సందు చేసుకుని బయటికి వచ్చి, శత్రువుమీద పడతాయి. ఆ పోట్లాటలో వచ్చేవే వేడీ, వాపూ, ఎరుపూ, నొప్పీను. దొంగ పోగానే గొడవ సద్దుమణుగుతుంది."

"మరి ఈ పిల్లల్లోనో?"

"దొంగ లేకుండానే ఈల వేస్తారు గూర్ఖాలు. ఒకడి ఈల విని ఇంకొకడు, వాడిది విని పదిమంది. కాలనీ అంతా కర్రలు పట్టుకుని పరుగెడుతుంది. పొట్టలో పేగుల చుట్టూ వుండే పల్చటి పొర మీదో, ఊపిరితిత్తుల పొర మీదో, కీలులోనో పడి రణరంగం చేస్తారు. చివరికి ఎవరూ దొరకక అలిసిపోయి ఇళ్ళకు పోతారు. అదే ఆ మూడు రోజుల జ్వరం."

ఆ ఈల ఎక్కడుందో 1997లో తెలిసింది. ఒకే సంవత్సరం రెండు బృందాలు, ఒకటి కొన్ని దేశాలవాళ్ళు కలిసి, ఇంకొకటి ఫ్రెంచివాళ్ళది, పదహారో క్రోమోసోము మీద దీనికి కారణమైన జన్యువును పట్టుకున్నాయి. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనుకు మొదటివాళ్ళు పైరిన్ అని పేరు పెట్టారు. గ్రీకుభాషలో పైర్ అంటే నిప్పు. ఫ్రెంచివాళ్ళు మారెనోస్ట్రిన్ అన్నారు. పూర్వం రోమనులు మధ్యధరా సముద్రాన్ని 'మన సముద్రం' అని పిలుచుకున్న మాటలోంచి తీసుకున్న పేరది. ఇటు తాతగారిదొకటీ అటు తాతగారిదొకటీ పేర్లు పెడితే, చివరికి పిల్లవాణ్ణి ఒక పేరుతోనే పిలుస్తారు చూశారూ, అలాగే పైరిన్ అనే పేరే నిలిచింది. ఈ పైరిన్ ముఖ్యంగా న్యూట్రోఫిల్స్‌లోనూ, వాటికి దాయాదులైన మరికొన్ని తెల్లకణాల్లోనూ వుంటుంది. మామూలుగా దానికి తాళం వేసి వుంటుంది. సూక్ష్మజీవి ఏదైనా విషం చిమ్మినప్పుడు తాళం ఊడి గంట మోగుతుంది. ఈ పిల్లల్లో ఆ తాళం వదులు. కాస్త అలసటో, దిగులో, చలిగాలో తగిలినా ఊడివస్తుంది. ఒక్కోసారి ఏమీ తగలకుండానే ఊడుతుంది.

ఇక్కడ మన ఆడవాళ్ళు చెవి ఒగ్గి వినవలసిన సంగతి ఒకటుంది. ఈ జబ్బు మామూలుగా రావాలంటే తల్లి దగ్గర నుంచి ఒక జన్యువూ, తండ్రి దగ్గర నుంచి ఒక జన్యువూ రెండూ దోషంతో వచ్చి కలవాలి. ఒక్కటే వున్న తల్లీ తండ్రీ సాధారణంగా ఆరోగ్యంగానే తిరుగుతారు. అటువంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒకవంతు జబ్బు రావడానికి అవకాశం వుంటుంది. కనుక "మా వంశంలో ఇలాంటివి లేవమ్మా, అంతా కోడలి పుట్టింటి నుంచి వచ్చిందే" అనే అత్తగారి మాట ఇక్కడ చెల్లదు. చెరి సగం! ఇలా రెండువైపుల నుంచీ కలిసివచ్చే జబ్బులు మన దేశంలోనూ రకరకాలున్నాయి. మేనరికాల్లో అవి బయటపడే అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఒకే తాతగారి ఆస్తి రెండు దారుల్లో వచ్చి ఒక బిడ్డలో కలుస్తుంది. ఆస్తి సంగతి మనం ఆలోచిస్తాం గానీ, ఈ ఆస్తి సంగతి ఎవరు ఆలోచిస్తారు?

అయితే ఆ తాతముత్తాతలను తిట్టుకోవడానికీ వీల్లేదట. ఇంత బాధపెట్టే జన్యువు అన్ని తరాలపాటు అంతమందిలో ఎలా నిలిచిందీ అని శాస్త్రజ్ఞులకు సందేహం వచ్చింది. 2020లో వెలువడిన ఒక పరిశోధనలో దానికి సమాధానం కనిపించింది. ప్లేగు తెచ్చే సూక్ష్మజీవి మన తెల్లకణాల్లోకి ఒక పదార్థాన్ని పంపి, పైరిన్ గంట మోగకుండా గొంతు నొక్కేస్తుంది. ఈ మార్పు వున్న పైరిన్‌ను మాత్రం అది అంత తేలిగ్గా నొక్కలేదు. 541లో ఒకసారి, 1347లో ఇంకోసారి మధ్యధరా తీరాన్ని ప్లేగు ఊడ్చిపెట్టుకుపోయిందని నేను చరిత్రలో చదువుకున్నాను. అటువంటి రోజుల్లో బతికి బట్టకట్టడానికి పనికొచ్చి వుంటుంది ఆ వదులు తాళం. ముత్తవ్వల ప్రాణం కాపాడిన గుణమే, ప్లేగు లేని ఈ కాలంలో మునిమనవళ్ళకు కడుపునొప్పి అయిందన్నమాట.

ఇక మందు సంగతి. దాని పేరు కాల్చిసిన్. నల్లసముద్రానికి తూర్పున, ఇప్పుడు జార్జియా అంటున్న దేశంలో, పూర్వం కోల్కిస్ అనే రాజ్యం వుండేది. గ్రీకు పురాణాల్లో మందులూ మంత్రాలూ తెలిసిన మీడియా పుట్టిల్లు అదే. ఆ పేరు మీదనే ఒక విషపు దుంపమొక్కకు కాల్చికమ్ అని పేరొచ్చింది. శరదృతువులో లేత ఊదారంగు పూలు పూస్తుంది. కాలి బొటనవేలు వాచి ప్రాణం తీసే గౌట్ జబ్బుకు ఆ దుంపను ఎంతోకాలంగా వాడారు. 1820లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు అందులోని అసలు పదార్థాన్ని విడదీశారు. మలేరియాకు క్వినైన్‌ను సింకోనా బెరడులోంచి తీసి ఇచ్చిన పుణ్యాత్ములు కూడా వాళ్ళే, అదీ అదే సంవత్సరం.

ఇంతకూ ఆ పదార్థం మన పెరట్లోనూ వుంది. అడవినాభి చూశారా మీరు? ఆకుల కొసలతో కంచెను పట్టుకుని పాకుతుంది. పూరేకులు పైకి లేచి, అంచులు వంకీలు తిరిగి, కింద పసుపూ పైన ఎరుపూ, మంట మండుతున్నట్టే వుంటుంది. అందుకే దాన్ని అగ్నిశిఖ అని కూడా అంటారు. దాని దుంపలో విషం వుందని మన పల్లెటూళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ విషం ఈ కాల్చిసినే. తమిళనాడుకు అది రాష్ట్రపుష్పం. అక్కడ రైతులు దాన్ని పొలాల్లో పందిళ్ళెక్కించి పెంచుతారు, పూలకు చేత్తో పుప్పొడి అద్దుతారు, గింజలను మందుల తయారీకి అమ్ముతారు. జబ్బు ఎక్కడిదో అయినా మందులో మన దక్షిణాది మట్టి వాసన వుంది.

గౌట్ మందుతో ఈ పిల్లల బాధ తీరుతుందని బయటపడింది 1972లో. అమెరికాలో గోల్డ్‌ఫింగర్ అనే డాక్టరు ఒక వైద్యపత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. అదే సంవత్సరం ఇస్తాంబుల్‌లో ఓజ్కాన్ అనే డాక్టరూ, ఆయన తోటివారూ అదే మాట వేరే ప్రచురించారు. 1974లో అమెరికాలోనూ ఇజ్రాయెల్‌లోనూ పరీక్షలు పెట్టారు. కొన్నాళ్ళు అసలు మందూ, కొన్నాళ్ళు ఉత్తుత్తి మాత్రా ఇచ్చి చూశారు. అసలు మందు తిన్నన్నాళ్ళూ నొప్పులు రావడం బాగా తగ్గిపోయింది.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటుంది. నొప్పి వచ్చాక ఈ మందు వేస్తే ఆ నొప్పి తగ్గదు! దీన్ని బాగున్న రోజుల్లో, రోజూ, తప్పకుండా వేసుకోవాలి. అప్పుడే నొప్పి రాకుండా వుంటుంది.

"ఇదేం మందే? తలనొప్పికి మాత్ర వేసుకుంటే తగ్గాలి గానీ!" అన్నాను.

"ఇది నొప్పి మందు కాదు, పిన్నీ. తెల్లకణాలను కాసేపు కుదురుగా కూచోబెట్టే మందు" అంది.

ప్రతి కణంలోనూ కంటికి కనిపించని సన్నటి గొట్టాలుంటాయట. తాపీపనివాళ్ళు కట్టే పరంజా లాగా, అవసరమైన వైపు కట్టుకుంటూ అక్కర్లేనివైపు విప్పుకుంటూ వుంటుంది కణం. అది కదలాలన్నా, లోపలి సరుకును ఒకచోటి నుంచి ఇంకొక చోటికి చేర్చాలన్నా ఆ పరంజా కావాలి. కాల్చిసిన్ వెళ్ళి ఆ పరంజా కట్టే ముక్కలకు అతుక్కుంటుంది. ఇక పరంజా సరిగా లేవదు. న్యూట్రోఫిల్ రక్తనాళం గోడకు గట్టిగా అతుక్కోలేదు, అవతలికి దూరి చురుగ్గా పరుగెత్తలేదు. అంతేకాదు, ఆ గొట్టాలు విడిపోయినప్పుడు వాటిని అంటిపెట్టుకుని వున్న ఒక పదార్థం బయటపడి, పైరిన్‌కు తాళం వేసే ఏర్పాటును బిగిస్తుందట. అంటే గూర్ఖా కాళ్ళు కాస్త నెమ్మదిస్తాయి, ఈల కూడా జేబులోకి పోతుంది.

మరి ఒంట్లో అన్ని కణాలకూ పరంజా వుందిగదా, వీటికే ఎందుకు పనిచేస్తుందీ అంటే, దానికీ జవాబుంది. చాలా కణాలకు లోపలికి వచ్చిన కాల్చిసిన్‌ను బయటికి తోడిపోసే ఒక పంపు లాంటిది వుంటుంది. న్యూట్రోఫిల్స్‌లో ఆ పంపు చాలా తక్కువ. అంచేత మందు అక్కడ చేరి రోజుల తరబడి నిలవుంటుంది. రక్తంలో వున్నదానికంటే ఈ కణాల్లో ఎన్నో రెట్లు పోగవుతుంది. పిల్లలకు రోజుకు అర మిల్లీగ్రామో, ఒక మిల్లీగ్రామో సరిపోవడానికి కారణం అదే. గూర్ఖాల ఉద్యోగాలు తీసెయ్యదు ఈ మందు. ఆ మోతాదులో నిజంగా దొంగ వచ్చిననాడు వాళ్ళు పనికి వస్తారు.

గొట్టాల సంగతి మీ వంటింట్లోనూ కనిపిస్తుంది. బజార్లో గింజల్లేని పుచ్చకాయ కొంటూంటారు కదా. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోసోములను చెరోవైపుకూ లాగేది కూడా ఆ గొట్టాలే. లేత పుచ్చమొక్కకు కాల్చిసిన్ రాస్తే ఆ లాగడం ఆగిపోయి, క్రోమోసోములు రెట్టింపైన మొక్క వస్తుంది. దాన్ని మామూలు పుచ్చతో కలిపి చేసిన విత్తనాలు వేస్తే గింజల్లేని కాయ కాస్తుంది. కణాలు చీలకుండా ఆపగలిగేదంటే మోతాదు మించితే ప్రాణాంతకమేనని వేరే చెప్పాలా? మోతాదు లోపల వుంటే చాలామంది పిల్లలకు మహా అయితే నీళ్ళవిరేచనాలూ, కాస్త కడుపులో తిప్పడమూ. మించితే మాత్రం మామూలు విషం కాదు. కొన్నిరకాల యాంటీబయాటిక్ మందులతో కలిసినా దీని జోరు పెరుగుతుంది. అందుకే ఆ తల్లులు సీసాను పిల్లల చేతికందని ఎత్తులో, తాళం లోపల పెడతారు. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదట ఈ మందు పేరే చెబుతారు.

ఇప్పుడు అసలు చిక్కు. పిల్లవాడు గెంతుతూ తుళ్ళుతూ వున్నాడు. నెలలైంది నొప్పి వచ్చి. అటువంటివాడికి రోజూ చేదుమాత్ర ఎందుకూ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు, "పసివెధవకు ఇన్ని మందులేమిటే" అని ఒక మాట పారేస్తారు. వాడికి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి, "నాకేం జబ్బు లేదు" అని మాత్రను కిటికీలోంచి విసిరేస్తాడు.

కానీ బాగున్న రోజుల్లో కూడా కొందరు పిల్లల్లో నిప్పు పూర్తిగా ఆరదు. రక్తపరీక్ష చేస్తే నివురు కింద ఎర్రగానే వుంటుంది. లోపల మంట వున్నంతకాలం కాలేయం ఒక ప్రోటీనును అతిగా తయారుచేస్తుంది. అది ఏళ్ళ తరబడి మూత్రపిండాల్లో మైనంలా పేరుకుని, చివరికి వాటిని పనికిరాకుండా చేస్తుంది. కాల్చిసిన్ రాకముందు ఈ జబ్బులో ప్రాణం తీసింది నొప్పి కానేకాదు, ఇదే.

ఇజ్రాయెల్‌లో డెబోరా జెమర్ అనే డాక్టరమ్మ ఈ రోగులను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని చూసి 1986లో లెక్కలు ప్రచురించింది. మందు మొదలుపెట్టేనాటికి మూత్రపిండాలు బాగానే వున్నవాళ్ళలో, క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్ళు 906 మంది. వాళ్ళలో తరవాత మూత్రంలో ప్రోటీను కనిపించింది నలుగురికి. సరిగ్గా వేసుకోలేదని ఒప్పుకున్నవాళ్ళు 54 మంది. వాళ్ళలో పదహారుగురికి! ఒకటే మందు, ఒకటే జబ్బు. తేడా అంతా రోజూ గుర్తుపెట్టుకోవడంలో వుంది. ఆవిడే 1991లో 350 మంది పిల్లల సంగతి కూడా రాసింది. ఏళ్ళ తరబడి మందు తిన్న ఆ పిల్లల్లో మూడింట రెండువంతుల మందికి దాదాపు నొప్పులు రావడమే మానేశాయి. ఎదుగుదల ఏమీ కుంటుపడలేదు. ఆడపిల్లలు పెరిగి పెళ్ళయి నెల తప్పినా, బిడ్డకు పాలిస్తున్నా, డాక్టరు చూపులో వుండి మందు మానక్కర్లేదని ఇప్పటి వైద్యుల సలహా.

ఆ లెక్క విన్నాక నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. 906 మంది క్రమం తప్పలేదంటే, అందులో చిన్నపిల్లల వెనక ఎంతమంది తల్లులున్నారో కదా! పాలగ్లాసు పక్కన మాత్ర పెట్టేవాళ్ళు, ఊరు వెళ్ళేటప్పుడు సంచీలో మొదట ఆ సీసా సర్దేవాళ్ళు, పిల్లవాడు బుగ్గన దాచుకోలేదు కదా అని నోరు తెరిపించి చూసేవాళ్ళు. ఏ వైద్యపత్రికలోనూ వాళ్ళ పేర్లుండవు. వాళ్ళు చేసిన పనికి ఫలితం కూడా కనిపించదు. రాని జ్వరాన్నీ, పాడవని మూత్రపిండాన్నీ ఎవరు చూస్తారు? ఇంటిపని లాంటిదే ఇదీను. చేసినంతకాలం ఎవరికీ కనిపించదు, ఒక్కరోజు మానేస్తే అందరికీ కనిపిస్తుంది.

కాల్చిసిన్‌తో లొంగని పిల్లలు కొద్దిమంది వుంటారు. తెల్లకణాల ఈలను ఒళ్ళంతా మోసుకుపోయే ఇంటర్‌ల్యూకిన్-1 అనే పదార్థాన్ని అడ్డుకునే సూదిమందులు వాళ్ళకోసం వచ్చాయి. కనకినుమాబ్ అనే దాన్ని 2016లో ఈ జబ్బుకు అమెరికాలో అనుమతించారు. నాలుగు వారాలకొకసారి చర్మం కింద పొడుస్తారు. ఖరీదు మాత్రం మామూలు సంసారులు అందుకోగలిగేది కాదు. చవకైన పాత దుంపమందే ఇప్పటికీ మొదటి మందు.

ఇది చదివి, మీ అబ్బాయికి రెండుసార్లు కడుపునొప్పి వచ్చింది కదా అని కంగారుపడకండి. మన దగ్గర మాటిమాటికీ జ్వరం వచ్చిందంటే మలేరియాలు, టైఫాయిడ్లు, మూత్రంలో చీము, ఇలాంటి మామూలు కారణాలే ముందు చూడాలి. కాల్చిసిన్ పేరు విన్నాం కదా అని మందుల షాపుకు అసలే వెళ్ళకండి. మీరు చెయ్యగలిగింది ఒకటుంది. జ్వరం ఏ తారీఖున వచ్చింది, ఎన్నాళ్ళుంది, నొప్పి ఎక్కడ, మధ్యలో పిల్లవాడు ఎలా వున్నాడు, ఇవి రాసి పెట్టుకోండి. ఈ జబ్బును పట్టుకోవడానికి రక్తపరీక్షలకంటే ముందు పనికొచ్చేది ఇటువంటి లెక్కేనని మా అమ్మాయి గట్టిగా చెప్పింది. మూడు రోజుల జ్వరం, ముప్ఫై రోజుల ఆరోగ్యం, మళ్ళీ మూడు రోజుల జ్వరం. ఆ వరస కాగితం మీద చూస్తేనే డాక్టరుకు అనుమానం తడుతుంది. రోగి మంచం మీద వున్నరోజు ఒక్కటే చూసే డాక్టరుకు ఆ వరస ఎలా తెలుస్తుంది చెప్పండి? అది తెలిసేది ఇంట్లో వున్నవాళ్ళకే.

దానికి ప్రత్యేకం పుస్తకాలూ అవీ అక్కర్లేదు. వంటింటి గోడకు వేలాడే కాలెండరు వుందిగా, పాలవాడి నాగాలూ గ్యాసుబండ వచ్చిన తేదీలూ రాసుకునేది! ఆ గళ్ళల్లోనే ఒక మూల జ్వరానికీ నొప్పికీ కూడా కాస్త చోటివ్వండి. సంవత్సరం అయిపోగానే దాన్ని చింపి పిల్లల పుస్తకాలకు అట్టలు వెయ్యకండి. ఒక్క ఏడాది దాచండి.